సద్దుల నాడు ఆగిన పడవలు

మేడం పోయారన్న వార్త నాకు కంపెనీ బస్సులో తెలిసింది. షాద్‌నగర్ బైపాస్ మీద ట్రాఫిక్‌లో బస్సు ఆగి ఉంది. ఫోన్ చేసింది నా చిన్ననాటి స్నేహితురాలు. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచి, ఒక వారం పాటు ఒకే పడవ. "మేడం పోయిందే. పొద్దుగాల, నల్లగొండ దవాఖానల," అంది. ఫోన్ పెట్టేయాలని ఇద్దరికీ అనిపించలేదు. చివరికి తనే, "వస్తవా?" అని అడిగింది. వస్తున్నానని చెప్పి, అక్కడే బస్సు దిగి, రోడ్డు దాటి అవతలి వైపు వెళ్లి నిలబడ్డాను.

ఆమె మా ఊరి హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఆడపిల్లల స్కౌట్ దళానికి, అంటే గైడ్స్‌కి, కెప్టెన్ కూడా ఆమే. బడిలో ఇంకా టీచర్లు ఉన్నా, ఊళ్లో ఎవరైనా ఉత్త "మేడం" అన్నారంటే ఆమె అనే అర్థం. పొట్టి మనిషి. నేత చీర, కాళ్లకు తెల్ల కాన్వాస్ బూట్లు. మెడలో విజిల్ ఎప్పుడూ ఉండేది, కోపంతో ఊదడం మాత్రం ఎవరం చూడలేదు. సంచిలో పల్లీపట్టీలు ఉండేవి. క్లాసులో ఎవరైనా పొద్దున తినకుండా వచ్చినట్టు కనిపిస్తే పాఠం ఆపకుండానే నడుచుకుంటూ వచ్చి, ఒక ముక్క బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవారు. భయపడకు అన్న మాట ఆమె నోట నేను వినలేదు. "భయమైతె చెప్పు బిడ్డా, దాసుకోకు. చెప్పినంక ఇద్దరం చూసుకుందం," అనేవారు.

మాది మునుగోడు వైపు ఊరు. బోరు వేస్తే పడే నీళ్లు తాగడానికి పనికిరానివి. నల్లా నీళ్లు వచ్చేదాకా మాకు నీళ్లంటే బిందెల్లో, డ్రమ్ముల్లో ఉండేవే. అలాంటి పిల్లల ముందు నిలబడి ఒకరోజు ఆమె, "దసరా సెలవులల్ల వారం రోజులు నాగార్జునసాగర్ నీళ్ల మీద తెరచాప పడవలు నడుపుతం. మీరే నడుపుతరు," అన్నారు. మేం నవ్వాం. పాఠం మధ్యలో ఏదో సరదాకి అన్నారనుకున్నాం.

సరదా కాదు. హైదరాబాద్‌లో పడవలు నేర్పే కొందరు బడిపిల్లలకు ఉచితంగా నేర్పుతామంటే, పిల్లలకంటే ముందు తనకు నేర్పాలని ఆమె పట్టుబట్టారు. నలభై దాటిన వయసులో ఆ ఎండాకాలం ఆదివారాలన్నీ హుస్సేన్‌సాగర్‌లో గడిపారు. ఎన్నిసార్లు పడ్డారు మేడం అని అడిగితే, "పడ్డందుకు బాధ లేదు గని, ఆ వాసనతోని బస్సెక్కితె పక్కన ఎవ్వరు కూసోలే. సీటంత నాదే," అని నవ్వారు.

మా ఇంటికి అనుమతి కోసం వచ్చిన సాయంత్రం బాగా గుర్తుంది. బాపు మగ్గం మీద ఉన్నాడు. అమ్మ గోడకు ఆనుకుని నూలు కండెలు చుడుతోంది. ఆ ఏడే అక్క పెళ్లయింది. తొలి బతుకమ్మకు పుట్టింటికి వస్తోందని, బాపు అక్కకు చీర, నాకు ఓణీ ఒకే రంగులో నేస్తున్నాడు.

"పండుగ పూట ఆడపిల్లను నీళ్లల్లకు పంపుమంటరా మేడం?" అంది అమ్మ. "పెద్దపిల్ల వస్తాంది. ఆఖరి నాడు, సద్దుల బతుకమ్మ నాడు చెల్లె ఏదని అడిగితె ఏం చెప్పాలె?"

"సద్దుల నాడు పొద్దుగూకకముందే తెచ్చి మీ చేతిల పెడ్త. మాటిస్తున్న."

బాపు మగ్గం ఆపి తల తిప్పాడు. "మేడం మాటిస్తాంది గద. పోనియ్యరాదు," అన్నాడు. అమ్మ తలూపి మళ్లీ కండె అందుకుంది. మిగతా ఇళ్లలో కూడా ఇదే మాట మీద తల్లులు ఒప్పుకున్నారని తర్వాత తెలిసింది.

దేవరకొండ దాటి, చేపలు పట్టేవాళ్ల కాలనీ దగ్గర వ్యాన్ దిగేసరికి ఎదురుగా అవతలి కొండల దాకా నీళ్లు. ఒడ్డున చిన్న చిన్న తెల్ల పడవలు. పడవకు ఇద్దరం. వెంట మోటారు బోటులో కోచ్ ఉంటాడు. ముందు కొన్ని రోజులు అక్కడే నేర్చుకుని, ఆ తర్వాత మజిలీలు చేసుకుంటూ డ్యాం వైపు వెళ్లి, సద్దుల నాడు లాంచీలు ఆగే రేవులో దిగాలి. తల్లిదండ్రులు అక్కడికే వస్తారు.

మొదటి పాఠం పడవను కావాలని బోల్తా కొట్టించడం. లైఫ్ జాకెట్ ఉందని తెలుసు, అయినా నేను ఒడ్డున బండను పట్టుకుని కదల్లేదు. మేడం నీళ్లలోంచి నడుచుకుంటూ వచ్చారు.

"భయమైతాంది మేడం."

"యాడ?"

"యాడ ఏంది మేడం?"

"కాళ్లల్లనా, కడుపులనా?"

అలా ఎవరూ అడగలేదు కాబట్టి కాసేపు ఆలోచించాల్సి వచ్చింది. "కాళ్లల్ల. కింద ఏమున్నదో తెలుస్తలేదు," అన్నాను.

"నాకు గుడ తెల్వదు. రా, నా చెయ్యి పట్టుకో. జరసేపు ఇద్దరం తెల్వకుండనే ఉందం."

ఆ చెయ్యి పట్టుకుని నడుము లోతు దాకా వెళ్లాను, తర్వాత గొంతు దాకా. ఆ సాయంత్రానికి పడవ తిరగబడితే నవ్వుకుంటూ పైకి లేపుతున్నాం. రెండు మూడు రోజుల్లో చుక్కాని నాకు అలవాటైంది, తాడు నా స్నేహితురాలికి. తెరచాపలో గాలి నిండగానే తాడు పాలకు పెనుగులాడే దూడలా గుంజేది. పడవ ఒక పక్కకు ఒరిగి, అడుగున నీళ్లు గలగలమంటూ సాగేది. మమ్మల్ని తోసేవాళ్లు లేరు, లాగేవాళ్లు లేరు, అయినా పోతున్నాం. సాయంత్రం ఒడ్డున అన్నం, చేపల పులుసు. అందరం తిన్నాక మేడం గిన్నె అడుగున మిగిలింది గీక్కుని తినేవారు, మాడు తనకిష్టమని చెప్పేవారు.

సద్దుల రోజు వచ్చింది. మిగిలింది ఆఖరి మజిలీ. కొండల మధ్య నుంచి బయటపడితే రిజర్వాయర్ ఒక్కసారిగా వెడల్పవుతుంది, మధ్యలో ఆగడానికి చోటుండదు. తినేసి, జాకెట్లు బిగించుకుని పడవల దగ్గర నిలబడ్డాం. అప్పుడు నల్లమల మీద మబ్బు కనిపించింది. నల్లగా, కిందికి దిగి ఉంది. గాలి ఆగిపోయింది. ఒక చల్లటి విసురు వచ్చి మళ్లీ ఆగింది.

కోచ్ చూసి, "అటు పోతది మేడం. మనం దాటేస్తం," అన్నాడు.

మేడం చాలాసేపు చూశారు. "పక్కాగ చెప్పగలవా?"

"నీళ్ల మీద పక్కాగ ఎవరు చెప్తరు మేడం?"

"అయితె పిల్లలను నేను ఎక్కియ్య."

మాలో కొందరికి ఏడుపొచ్చింది. నా స్నేహితురాలు ధైర్యం చేసి, "మాటిచ్చిండ్రు గద మేడం," అంది.

"ఇచ్చిన బిడ్డా. ఇప్పుడు తప్పుతున్న. మీ అమ్మలకు నేనే చెప్పుకుంట."

ఆ ఒడ్డు నుంచి రోడ్డు లేదు. మోటారు బోటులో కొంతమందిని పంపుదామని కోచ్ అంటే ఆమె ఒప్పుకోలేదు. పిల్లలు నీళ్ల దగ్గర ఉంటే బోటు కూడా పిల్లల దగ్గరే ఉండాలన్నారు. ఫోన్ కలిసేదాకా గుట్ట ఎక్కి, హెడ్మాస్టరుతో మాట్లాడి దిగి వచ్చారు. మా వాళ్లు అప్పటికే బయల్దేరారట.

ఇక ఎదురుచూడటమే. మబ్బు కొండల మీద అలాగే ఉండి, మెల్లగా అటే జరిగిపోయింది. చినుకు పడలేదు. గాలీ రాలేదు. మధ్యాహ్నం దిగాక ఎండ కూడా కాసింది. అప్పుడు బయల్దేరితే చీకటి పడేలోపు చేరలేం. మేమంతా మేడం ముఖం వైపు చూశాం. ఆమె తల దించుకోలేదు, నవ్వనూ లేదు. "రాలే," అన్నారు. ఒడ్డు వైపు చూస్తూ, "పూలు కోసుకొస్తరా?" అని అడిగారు.

ఒడ్డు పొడుగునా తంగేడు పూసి ఉంది. కొంచెం పైకి వెళ్తే గునుగు దొరికింది. అన్నం గిన్నె మూత మీద బతుకమ్మను పేర్చాం. ఇంటి దగ్గర పేర్చినంత ఎత్తు రాలేదు, ఒక పక్కకు ఒరిగింది కూడా. చుట్టూ తిరిగి ఆడాం. మేడం చప్పట్లు ఎప్పుడూ ఒక అడుగు వెనకే పడేవి. పొద్దుగూకేవేళ మూత మీంచి పూలను నీళ్లలోకి జార్చాం. పాట మధ్యలో నాకు అక్క గుర్తొచ్చింది.

మర్నాడు పొద్దున ఆకు కదిలేంత గాలి కూడా లేదు. కోచ్ పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి కట్టి మోటారు బోటుతో లాక్కెళ్లాడు. వారమంతా నేర్చుకుని, తెరచాపలు మడిచి ఒళ్లో పెట్టుకుని రేవు చేరాం.

తల్లులు రాత్రంతా రేవు దగ్గర వసారాలో పడుకున్నారు. అమ్మ కట్టుకున్న కొత్త చీర నలిగిపోయి ఉంది.

"మబ్బేది మేడం?" అంది అమ్మ. "ఈడ చుక్క పడలే."

"ఆడ గుడ పడలేదమ్మా."

"మరెందుకు ఆపినవ్?" కోపంలో 'మీరు' అనడం మర్చిపోయింది.

"వస్తదనుకున్న. నన్ను అనుండ్రి. పిల్లలు బయల్దేరుదమనే ఏడ్చిండ్రు, వాళ్లనేమనకుండ్రి."

అమ్మ కొంత అంది, వేరేవాళ్లు అంతకంటే ఎక్కువ అన్నారు. మబ్బు ఎంత నల్లగా ఉందో, అవతల నీళ్లు ఎంత వెడల్పో ఆమె ఒక్క మాట కూడా చెప్పుకోలేదు. అందరూ అనడం అయిపోయేదాకా నిలబడి విన్నారు.

ఇంటికెళ్తే నా ఓణీ మడత విప్పకుండా పెట్టె మీద ఉంది. దసరా నాడు వేసుకున్నాను. అక్క తన చీర మళ్లీ కట్టుకుని నా పక్కన నిలబడింది.

మరుసటి ఏడు ఎవరూ పిల్లలను పంపలేదు. ఆ తర్వాతా పంపలేదు. పడవలు నేర్పేవాళ్లు వేరే జిల్లా బడికి వెళ్లిపోయారు. తల్లిదండ్రుల మీటింగు జరిగినప్పుడల్లా మేడం లేచి అడిగేవారు, ఎవరూ ఒప్పుకోకపోతే కూర్చునేవారు. తర్వాత ఒక రైతును బతిమాలి, ఎండాకాలం ఆయన మెట్లబావిలో ఆడపిల్లలకు ఈత నేర్పడం మొదలుపెట్టారు. నేను ఈత నేర్చుకుంది అక్కడే.

ఇప్పుడు నేను మందుల కంపెనీలో పరీక్షలు చేసే విభాగంలో ఉన్నాను. ఒకసారి అనుమానం వచ్చి ఒక సరుకు ఆపేశాను. మళ్లీ పరీక్షిస్తే అందులో ఏ లోపమూ లేదు. మా పైఅధికారి అందరి ముందు, ఉత్త పుణ్యానికి లారీ ఆపావన్నాడు. అనుమానం వచ్చిందని మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఆ సాయంత్రం మేడంకి ఫోన్ చేస్తే, అంతా విని, "తిన్నవా?" అన్నారు.

అంత్యక్రియల రోజు అమ్మ కూడా వచ్చింది. ఆ సద్దుల నాడు మేడం చేసింది సరైందేనని అమ్మ ఇప్పటికీ అనదు. ఆ రోజు మాత్రం పొద్దుటి నుంచి మేడం కాళ్ల దగ్గరే కూర్చుంది. ఎవరో వచ్చి లేవమంటే, "జర ఉండనియ్యుండ్రి," అంది.

మేడంతో నేను చివరిసారి మాట్లాడింది, డయాలసిస్ అయ్యాక ఆమెను ఇంటికి తీసుకెళ్తున్నప్పుడు. కారులో ఇద్దరమే వెనక కూర్చున్నాం. ఇన్నేళ్లూ అడగనిది అప్పుడు అడిగాను. "ఆ రోజు మమ్ముల ఎక్కిస్తె బాగుండు అని ఎప్పుడన్న అనిపించిందా మేడం?"

"శానసార్లు," అన్నారు. ఊపిరి తీసుకుని మళ్లీ మాట్లాడారు. "వాన రాలేదని యాదికొచ్చినప్పుడల్ల అనిపిస్తది. మీ పండుగ పాయె. మీ ఎన్క పిల్లలకు పడవనే లేకుండ పాయె. అది నా వల్లనే." కిటికీలోంచి చూస్తూ, "మల్ల గా ఒడ్డు మీద నిలబెట్టినా ఎక్కియ్య. రెండూ నిజమే. ఏం జేద్దాం," అన్నారు.

కొంతదూరం వెళ్లాక కాసేపు ఆపమంటే కారు ఆపించాను. ఆమె తలుపు తీసి, కాళ్లు నేల మీద పెట్టి సీటు అంచున కూర్చున్నారు. రోడ్డు పక్కనే పొట్టకొచ్చిన వరిచేను. అవతలి గట్టు మీంచి గాలి వచ్చింది. చేను ఒక చోట వంగి, లేచి, ఆ వంపు మా వైపు నడిచి వచ్చింది. గాలి మమ్మల్ని తాకి రోడ్డు దాటింది. ఆమె మెడ తిప్పి అవతలి చేనులో దాన్ని వెతికి పట్టుకుని, అది చివరి గట్టు చేరేదాకా చూస్తూ కూర్చున్నారు.