నల్లంచిని టోహీ అన్న టీచరమ్మ గారు

మా టీచరమ్మ గారు పోయారు. చివరి రోజుల్లో ఆవిడ తాడేపల్లిగూడెంలో తమ్ముడి ఇంట్లో ఉన్నారు; మొన్న పొద్దుటి రైలుకి దిగి అతనే బడికి వచ్చి చెప్పాడు. ఏలూరు మిషను బడిలో ఆవిడ పక్క తరగతి నాది. ఆ పూట నేను పాఠం చెప్పలేకపోయాను.

ఆవిడకు పిట్టల పిచ్చి. మా బడి చూసుకునే అమెరికా దొరసాని గారు ఇచ్చిన పిట్టల బొమ్మలు గోడ నిండా అంటించారు. అందులో టోహీ అంటే మరీ ముద్దు. నల్లటి తల, నల్లటి వీపు, పక్కలకు ఇటుకరంగు. "అమెరికాలో కొందరు దీన్ని రాబిన్ అనే వేరే పిట్ట పేరుతో పిలుస్తారట గానీ, ఇది పిచ్చుకలకు చుట్టం. ముక్కు చూడండి, గింజలు కొరికే ముక్కు. టోహీ, టోహీ అని తన పేరు తనే చెప్పుకుంటుందట" అని గొంతు మార్చి కూసేవారు. పిల్లలు విరగబడి నవ్వేవారు.

ఒకనాడు మామిడిచెట్టు కింద ఎండుటాకుల్లో తోక ఎత్తి గెంతుతున్న పిట్టను చూసి, "అదిగో టోహీ!" అన్నారు. నల్లటి పిట్ట, తోక కింద ఇటుకరంగు. పిల్లలంతా "టోహీ అండీ" అన్నారు. ఆవిడ సంబరంగా వెళ్ళి, చూపిద్దామని దొరసాని గారిని పిలుచుకొచ్చారు.

దొరసాని గారు మెల్లగా చెప్పారు. "టోహీ రెండు కాళ్ళతో ఒకేసారి ఆకుల్ని వెనక్కి తన్నుతుందండీ. ఇది తన్నడం లేదు. అసలు టోహీ ఈ దేశంలో ఉండదు."

టీచరమ్మ గారు పిల్లల వైపు తిరిగారు. "ఇదేం పిట్టో మీకు తెలుసా?"

"తెలుసండీ. నల్లంచి అండీ."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్పారు కదండీ."

ఆ సాయంత్రం ఆవిడ ఏడ్చారు, తప్పు చెప్పినందుకు కాదు. "నా మాట విని వాళ్ళ కళ్ళని నమ్మడం మానేశారే! ఇదేం చదువు చెప్పానమ్మా నేను?" అన్నారు నాతో. నాకూ తల కొట్టేసినట్టయింది. నా తరగతిలో పిల్లలైతే అసలు కిక్కురుమనేవారు కాదు. అదే గొప్ప అనుకునేదాన్ని.

ఆ తర్వాత నుంచి రోజూ పాఠం అయ్యాక, "నేను తప్పు చెబితే లేచి చెప్పండమ్మా" అనేవారు. కావాలని తప్పులు చెప్పి చూసేవారు. ఎవరూ లేచేవారు కాదు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని ఇళ్ళల్లో, బళ్ళో పెద్దవాళ్ళమేగా నేర్పాం! చివరిదాకా ఆ సిగ్గు ఆవిడను వదల్లేదు.

నిన్న చర్చిలో ఆవిడ కోసం జరిగిన ప్రార్థనలో పాస్టరు గారు, "ఏలూరులో పుట్టిన ఈ సహోదరి" అన్నారు. ఆవిడ పుట్టింది కొల్లేటి దగ్గర ఆకివీడులో. మాకందరికీ తెలుసు. టీచర్లం, చుట్టాలు, ఆఖరికి సొంత తమ్ముడు కూడా, పెద్దాయన మాట కదా అని ఊరుకున్నాం.

ముందు వరసలో ఆవిడ తరగతి ఆడపిల్ల ఒకతె లేచింది.

"కాదండీ. మా టీచరమ్మ గారిది ఆకివీడండీ."

పాస్టరు గారు ఆగిపోయారు. మేం తలలు దించుకున్నాం. ఆ పిల్లను ఎవరూ కూర్చోమనలేదు. ప్రార్థన అయ్యేదాకా అలా నిలబడే ఉంది.