మూడుదోవల్లో పోసిన ఎర్రనీళ్ళు

నాకు ఆగే గుణం లేదు. ఈ మాట మా నాన్న యానాం తెలుగులో అన్నాడు, ప్రకృతిశాస్త్రం టీచరమ్మ ఫ్రెంచిలో అంది, పుదుచ్చేరి ఒర్లియంపేటలో మేం అద్దెకున్న ఇంటి మామ్మగారు సగం తమిళం కలిసిన తెలుగులో అంది. ముగ్గురూ నిజమే చెప్పారు.

ఫ్రెంచివాళ్ళు ఊరు అప్పగించి వెళ్ళిపోతున్న ఏళ్ళవి. జెండా మారింది కానీ ఆఫీసుల్లో కాగితాలింకా మారుతూనే ఉన్నాయి. గుమాస్తాగా ఉన్న నాన్నకు యానాం నుంచి పుదుచ్చేరికి బదిలీ అయింది. నాకు ఒక ఆడపిల్లల బడిలో ప్రయోగశాల సహాయకురాలి పని దొరికింది. పేరుకు ఉద్యోగమే కానీ తాత్కాలికం. కొత్త ప్రభుత్వం తరఫున ఒక అధికారి వచ్చి చూస్తాడని, ప్రయోగశాలలో పిల్లలకు చూపించడానికి ప్రాణమున్నది ఏదైనా ఉంటే నన్ను ఖాయం చేస్తాడని, లేకపోతే గదికి తాళం పడుతుందని హెడ్మిస్ట్రెస్ చెప్పింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సరిగ్గా సయించలేదు.

మా గదిలో ప్రాణమున్నది ఒక్కటే. తెల్ల ఎనామెల్ బేసిన్‌లో నాలుగు వేళ్ళ లోతు పచ్చనీళ్ళు. టీచరమ్మ ఏళ్ళ తరబడి పెంచిన ఆకుపచ్చ నాచు అది. పింఛను తీసుకుని ఫ్రాన్సుకు ఓడెక్కే ముందు నా చేతిలో పెట్టింది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్కో కణం రెండు సన్నటి తోకలతో ఈదుతూ తిరిగేది. ఒక్క క్షణం కుదురుగా ఉండదు. చూడగానే నాకు నచ్చింది.

"వెలుతురే దీని తిండి, కానీ మితిమీరితే అదే దీన్ని చంపుతుంది" అని ఆవిడ చెప్పింది. నాచుల్లో ఒక్కోదానిది ఒక్కో ఉపాయమట. బావిలో పెరిగే దారపు నాచు ఒకటి తన లోపలి పచ్చ పలకను మధ్యాహ్నం ఎండకు అంచు చూపిస్తూ పక్కకు తిప్పుకుంటుంది. ఈదగలిగినవి నీటి అడుక్కి పోతాయి. పోవడానికి లోతు లేని చోట మా బేసిన్‌లోది తోకలు రాల్చేసి, గుండ్రంగా ముడుచుకుని, మందమైన గోడ కట్టుకుని, లోపల ఎర్రరంగు తయారు చేసుకుంటుంది. ఆ ఎరుపు మొదట నడిమధ్యనున్న కేంద్రకం చుట్టూ చేరుతుంది. ఎండనూ, కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలనూ అడ్డుకుంటుంది. అలా ఎండిపోయి పొడి అయినా చావదు. నీళ్ళు తగిలితే మళ్ళీ పచ్చబడుతుంది.

"సగం ఎండలో పెట్టు, సగం నీడలో ఉంచు. రెండు రంగులూ పక్కపక్కన చూపించు" అని మరీమరీ చెప్పి వెళ్ళింది. నేను విన్నానా? అధికారి వచ్చే తేదీ తెలియగానే సగాలూ పావులూ కొలిచే ఓపిక లేక, బేసిన్ మొత్తం ఇంటికి మోసుకొచ్చి మండుటెండలో డాబా మీద పెట్టేశాను. వారం తిరిగేసరికి నీళ్ళు ఎర్రబడ్డాయి. రోజుకు పదిసార్లు మెట్లెక్కి చూసుకుని మురిసిపోయాను.

అధికారి రావడానికి ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దున్నే బడికి పరుగెడుతుంటే మామ్మగారు మెట్ల దగ్గర చెయ్యి అడ్డం పెట్టింది.

"నిలువు పాపా. యాడికి అంత ఉరుకులు?" అంటూ నా నుదుట ఏదో బొట్టు పెట్టింది. ఎందుకని అడిగే తీరిక కూడా నాకు లేదు.

సాయంత్రం వచ్చి డాబా ఎక్కితే బేసిన్ లేదు. కింద పెరట్లో చింతపండు, బూడిద పెట్టి తోమిన బేసిన్ తళతళలాడుతూ బోర్లించి ఉంది. రెండేసి మెట్లు దిగుతూ కిందికి పరుగెత్తాను.

"మామ్మగారూ, ఇందులో నీళ్ళేవండీ?"

"మూడుదోవల్లో పోసొచ్చినా" అంది ఆవిడ తీరిగ్గా. "దిష్టి తీసిన ఎర్రనీళ్ళు ఇంట్లో పెట్టుకోకూడదు పాపా. పసుపూ సున్నం కలిపి మీ నాయన నీకు దిష్టి తీసి, పొయ్యడం మరిచిపొయినాడని అనుకుంటి. పైన మాడి మింద ఎన్నాళ్ళని ఉంచుతారు?"

నేను నోటికొచ్చినట్టు అరిచాను. నా ఉద్యోగం వీధిలో పారబోశారన్నాను. మీ మూఢనమ్మకాలకు నన్ను బలి చేశారన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. వీధి చివర మూడు దారులు కలిసే ఆ మూడుదోవల దగ్గరికి పరుగెత్తాను. సైకిళ్ళూ బండ్లూ తొక్కి తొక్కి అక్కడ దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు.

తిరిగొచ్చేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. "నీకు మంచి జరగాలనే గదా" అంది. "ఆ నీళ్ళే నీ నుదుట బొట్టు పెట్టినాకనే గదా తీసకపొయి పోసింది."

అప్పుడు వెలిగింది నాకు. అద్దం దగ్గరికి ఒక్క దూకు దూకాను. రోజంతా చెమటలో తడిసినా బొట్టు సగం మిగిలి ఉంది, ఎర్రగా, పెచ్చుకట్టి. ఊపిరి బిగబట్టి పోస్టుకార్డు అంచుతో దాన్ని గీకి, వాననీళ్ళున్న గాజుగ్లాసులోకి రాల్చాను. మామ్మగారు దీపం పట్టుకుని పక్కనే నిలబడింది. నేనామెకు సారీ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

తర్వాతి మూడు రోజులూ ఆ గ్లాసుతోనే నా బతుకు. బడిలో సూక్ష్మదర్శిని కింద చుక్క మీద చుక్క వేసి చూశాను. మసిలాంటి మురికి మధ్య అక్కడక్కడా ఎర్రటి గుండ్లు కనిపించేవి, కదలకుండా. మూడో రోజు వాటిలో కొన్నింటి అంచున లేత పచ్చ మొదలైంది. అది నిజమో, నా ఆశో తేల్చుకోలేక గోళ్ళు కొరుక్కున్నాను.

నాలుగో రోజు పొద్దున అధికారి వచ్చాడు. చేతిగడియారం చూసుకుంటూనే సూక్ష్మదర్శినికి కన్ను ఆనించాడు.

"ఎర్రగా ఉన్నాయి. చచ్చినట్టున్నాయే?"

"కాసేపు ఆగండి సార్" అన్నాను. నా నోట ఆ మాట రావడం అదే మొదటిసారి అనుకుంటాను.

ఆయన విసుక్కుంటూనే ఆగాడు. ఎంతసేపో నాకు తెలియదు. ఉన్నట్టుండి ఆయన భుజాలు బిగుసుకున్నాయి. కన్ను తియ్యకుండానే చేత్తో నన్ను పిలిచాడు. వంగి చూస్తే ఒక ఎర్రగుండు గోడ పగిలి ఉంది. అందులోంచి పచ్చటివి నాలుగో అయిదో బయటపడి, కుదురులేకుండా ఈదుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది.

ఉద్యోగం ఖాయమైంది. వానలు వెలిసేనాటికి బేసిన్ మళ్ళీ పచ్చగా నిండింది. ఈసారి బుద్ధిగా సగం వేరే పళ్ళెంలోకి తీసి ఎండలో పెట్టాను. అది ఎర్రబడ్డాక మామ్మగారి చెయ్యి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్ళాను. పచ్చవీ ఎర్రవీ పక్కపక్కన చూపించి, ఎండ ఎక్కువైతే ఇది ఆ రంగు తనే చేసుకుంటుందని వివరించాను. ఆ రోజు అన్న మాటలకు క్షమించమని, ఆలస్యంగానైనా, అడిగాను.

ఆవిడ బేసిన్ మీదికీ పళ్ళెం మీదికీ వంగి చాలాసేపు చూసింది.

"అయితే నేను అనుకునింది తప్పేంది పాపా?" అంది. "సూర్యుడి దిష్టి తగలకుండా అది దాని ఎర్రనీళ్ళు కలుపుకునింది. పాపం, దానికి దిష్టి తీసేవాళ్ళు ఎవురూ లేకపాయె."

ఆ రోజు ఆవిడ బొట్టు పెట్టిన చోట నేను నా నుదురు తడుముకున్నాను.