ఒకే పేరు, రెండు వరుసలు

మా ముత్తాత బాగేపల్లి చుట్టుపక్కల ఏడూళ్ళకు శానుభోగు, కరణమన్నమాట. ఎవరి పొలం ఎక్కడిదాకానో ఆయన నోటితో చెబితే అదే హద్దు. ఆయన తర్వాత మా తాత. నేను చింతామణిలో ఒక చాకీ కేంద్రంలో, అంటే పట్టుపురుగు పిల్లలను పెంచి రైతులకు ఇచ్చేచోట, కంప్యూటర్ ముందు కూర్చుంటాను.

అక్కడ రెండు షీట్లు. ఏ రైతు ఏ రోజుకు పురుగులు అడిగాడో ఒకదానిలో ఉంటుంది. రెండోది పురుగులు చేరవేసే బండి డ్రైవరుకు ఇచ్చేది. దానిలో పేరు రాస్తే మొదటి షీట్లో వెదికి తేదీ తెచ్చేలా మేనేజరు వీ-లుకప్ అనే ఫార్ములా పెట్టాడు.

మా వైపు తాత పేరు మనవడికి పెడతారు. అన్నదమ్ములిద్దరూ తమ తండ్రి పేరే కొడుకులకు పెడితే ఇద్దరికీ ఒకే పేరు. వీ-లుకప్ పైనుంచి వెదుకుతూ మొదట దొరికిన వరుస దగ్గరే ఆగిపోతుంది. కింద అదే పేరుతో ఇంకొకడున్నా దానికి పట్టదు. పేరుతో కాదు, ఫోన్ నంబరుతో వెదికించమని మేనేజరుతో అన్నాను.

"ఫార్ములా నేను సూసుకొంటాలేప్పా, మీరు ఎంట్రీ సెయ్యండి," అన్నాడు, నా కొడుకు వయసువాడు.

ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

శనివారం రావలసిన పురుగులు రాక, సోమవారం సోమేనహళ్ళి రైతు వచ్చాడు. సాదలిలో ఉన్న అతని చిన్నాయన కొడుకుదీ అదే పేరు. ఆ తమ్ముడి వరుస పైన ఉంది, అతని తేదీ పది రోజుల తర్వాత. ఇద్దరికీ అదే పడింది.

"యాడప్పా నా పురుగులు? ఆకు ముదిరిపోతా ఉండాది."

"సిస్టంలో నీ తేదీ ఇంకా రాలేదు," అన్నాడు మేనేజరు, తల ఎత్తకుండా.

"నీ సిస్టం మా తమ్ముణ్ణి సూసి నేననుకొనిందేమో, సరిగా సూడు."

"అట్లయితే పేరు మార్చుకోని రాపో," అని నవ్వాడు.

రైతు నా వైపు తిరిగాడు. "శానుభోగులింటోళ్ళు మీరు. మీగ్గూడా తెలీలేదా సామీ?"

తెలుసు. నా కడుపుమంట అదే. వాడు నవ్వినందుకు వాడి మీద మండింది. తెలిసీ బిగుసుకుని కూర్చున్నందుకు నా మీద ఇంకా మండింది. వాడిని అడగకుండానే షీటు తెరిచి, పేర్లతో వెదకడం తీసేసి ఫోన్ నంబర్లు పెట్టాను. తేదీ వెంటనే సరైంది. కాని ఇవ్వడానికి కేంద్రంలో పురుగులు లేవు, తర్వాతి విడతదాకా తోటలో మల్బరీ ఆకు ఆగదు.

శిడ్లఘట్ట దగ్గర ఇంకొకరి వద్ద మిగిలినవి ఉన్నాయంటే, రెండింతల ధర అడిగినా కొని, మరునాడు పొద్దున నేనే సోమేనహళ్ళికి తీసుకువెళ్ళి ఇచ్చాను. ఆ డబ్బు కోసం మా తాత ఊరి లెక్కలు రాసిన టేకు మేజాబల్లను చిక్కబళ్ళాపురంలో అమ్మేశాను.