నిచ్చెన మీద విచారణ

ఇది నా డైరీలో కూడా రాయలేదు. అల్ఫారెట్టాలో నేను అద్దెకున్న ఇంటి అంకుల్ మడత నిచ్చెన మీంచి పడి చనిపోయిన రోజు, పొద్దున ఆ నిచ్చెన ఎక్కింది నేనే. గరాజ్‌లో పై అరలోంచి పుస్తకాల పెట్టె దించుకుంటుంటే నిచ్చెన కాలికున్న నల్లటి రబ్బరు తొడుగు ఊడి దొర్లింది. సాయంత్రం చెబుదాంలే అని జేబులో వేసుకుని ఆఫీస్‌కి వెళ్లాను. ఎవరితోనైనా మాట మొదలుపెట్టడం నాకెప్పుడూ కష్టమే. మధ్యాహ్నం హాల్లో స్మోక్ అలారం బ్యాటరీ మార్చడానికి అంకుల్ అదే నిచ్చెన ఎక్కారు. నున్నటి నేల మీద అది జారింది.

బ్యాటరీ మారలేదు. కర్మలు అయిపోయినా అలారం నిమిషానికోసారి కీచుమంటూనే ఉంది. పరామర్శకి వచ్చినవాళ్లు మాట మధ్యలో ఆగి పైకి చూసేవారు. ఎక్కడానికి మాత్రం ఎవరూ లేవలేదు.

గరాజ్‌లో గోడకి ఆనించిన నిచ్చెన తనని చూస్తోందని ఆంటీ అటువైపు వెళ్లడం మానేశారు. నాకు తెలిసిన ఓదార్పులన్నీ పుస్తకాల్లోవే. లైబ్రరీ పుస్తకంలో చదివింది చెప్పాను: ప్రాచీన ఏథెన్స్‌లో ఒక రాయో గొడ్డలో మనిషి ప్రాణం తీస్తే దాన్ని కోర్టులో విచారించి, పొలిమేర అవతల పారేసేవారట. ఆ పేజీలోనే ఉన్న ఇంకో వాక్యం చెప్పలేదు.

ఆంటీ గరాజ్ తలుపు వైపు చూశారు. "మనమూ పంపించేద్దామమ్మా."

ఆదివారం పొద్దున నిచ్చెనని కార్‌లో పెట్టి పక్క రాష్ట్రం అలబామా దాకా డ్రైవ్ చేశాను. వెనక సీట్లు మడిచినా దాని కొస మా ఇద్దరి భుజాల మధ్యకి వచ్చింది. ఆంటీ దానికి తగలకుండా దారంతా కిటికీ వైపు ఒదిగి కూర్చున్నారు. స్టేట్ బోర్డర్ దాటాక ఒక పెద్ద చెత్త తొట్టి పక్కన దించాం. ఆంటీ వంగి దాని కాళ్లు ఒక్కొక్కటే తడిమారు. నాలుగోదాని దగ్గర చెయ్యి ఆగింది.

తిరిగొచ్చేటప్పుడు మా మధ్య నిచ్చెన లేదు. అయినా ఆవిడ అలాగే కిటికీ వైపు ఒదిగి కూర్చున్నారు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అలారం ఆగిపోయి ఉంది.

నెలాఖరుకి నేను వేరే గది చూసుకున్నాను. రబ్బరు తొడుగు ఇంకా నా దగ్గరే ఉంది. సామాను కార్‌లో పెట్టాక ఆంటీ గుమ్మం దగ్గరికి వచ్చి, నేను హాల్లో మరచిపోయిన లైబ్రరీ పుస్తకం నా చేతిలో పెట్టారు. ఒక పేజీ మూల మడిచి ఉంది.

"చంపింది ఎవరి చెయ్యో తెలియనప్పుడేనట కదమ్మా, వస్తువుని కోర్టుకి తెచ్చేది."