బావ వస్తున్నాడని ఇల్లే చెప్పేది

మా బావ నూలు మిల్లులో టైమ్‌కీపర్. గేటు పక్క గదిలో కూర్చుని ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు ముందే జారుకున్నారో కనిపెట్టడం ఆయన ఉద్యోగం. ఆ చూపు గేటు దగ్గరే వదిలేసి రావచ్చు కదా, ఇంటికి కూడా తెచ్చేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. పిల్లలకి ఒళ్ళు వెచ్చబడితే పక్కనే కూర్చుని కదలడు. కాకపోతే ఆయన ప్రేమంతా ప్రశ్నల్లోనే బయటికొస్తుంది. ఈ ఫ్యాన్ ఎవరికోసం తిరుగుతోంది? ఆ పుస్తకం ఎందుకు మూసుంది?

నేను ఆయన బావమరిదిని, చెప్పుల షాపులో సేల్స్‌మన్‌ని. ఉద్యోగం దొరికాక అక్క వాళ్ళింట్లోనే ముందుగదిలో దిగాను. నేనంటే బావకి కుళ్ళు. పాపం, దాచుకోవడం కూడా చేతకాదు. పిల్లలిద్దరూ "మావయ్యా" అంటూ నా మీద పడితే ఆయన మొహం మాడిపోయేది. "ఏం మందు పెట్టావురా వీళ్ళకి?" అనేవాడు. అక్క నా మాటకి నవ్వితే, ఎందుకు నవ్విందో చెప్పించుకుని, అంతా విన్నాక "ఇందులో నవ్వడానికేముంది?" అని తేల్చేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజుల్లోనే ఆయనకి స్మార్ట్ హోమ్ పిచ్చి పట్టుకుంది. ఎవరినీ పిలవకుండా తనే స్టూలెక్కి బల్బులు మార్చాడు, ప్లగ్గులు బిగించాడు, హాల్లో అల్మారా మీద గుండ్రటి స్పీకర్ పెట్టాడు. అన్నీ ఫోన్‌తోనే నడవాలి కాబట్టి గోడ మీద స్విచ్చులు కట్టేయకూడదని వాటికి టేపు అంటించాడు. గదిలోంచి బయటికొస్తూ స్విచ్ నొక్కడం అక్కకి పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు. టేపు ఉన్నా వేలు ఆగదు కదా. ఆమె నొక్కగానే బల్బు చచ్చి ఊరుకునేది, మిల్లు నుంచి ఫోన్ వచ్చేది: "హాల్లో స్విచ్ ఎవరు కట్టేశారు?" ఇక నెట్ పోయిన రోజైతే బావ భోజనం మానేసి స్టూలెక్కేవాడు. "ఇంటికి కొత్త కోడలొచ్చినట్టుంది, దీని అలకలు తీర్చలేక చస్తున్నాం," అనేది అక్క.

వీటన్నిటికంటే బావ ఎక్కువ మురిసిపోయిన ఏర్పాటు ఇంకొకటి ఉంది. ఆయన ఫోన్ వీధి మలుపు దాకా రాగానే హాల్లో లైటు పెద్దదయ్యేది, స్పీకర్ "నాన్న వస్తున్నారు" అని చెప్పేది. "మా నాన్న సైకిల్ బెల్లు వినపడితే నేను గుమ్మంలోకి పరిగెత్తేవాణ్ణి తెలుసా," అన్నాడు అది పెట్టిన రోజు. తన పిల్లలు కూడా అలా ఎదురు రావాలని ఆయన ఆశ.

మొదట్లో వచ్చారు కూడా. తర్వాత్తర్వాత ఆ గొంతు వినగానే అందరం లేచిపోయేవాళ్ళం. అక్క వంటింట్లోకి, పెద్దది పుస్తకాల ముందుకి, చిన్నాడు స్నానాల గదిలోకి, నేను నా గదిలోకి. అలా అని ఎవరూ మాట్లాడుకోలేదు, దానంతటదే అలవాటైపోయింది. బావ అడుగుపెట్టేసరికి వెలిగే లైటు కింద ఖాళీ కుర్చీలుండేవి.

ఆయన మాత్రం మిల్లులో కూర్చుని ఫోన్‌లో అన్నీ చూస్తూనే ఉండేవాడు. హాల్లో లైటుంది, ఫ్యాన్ తిరుగుతోంది, టీవీ మోగుతోంది. ఇంటికొస్తే హాల్లో నరపురుగు లేదు. తప్పెవరిదో ఆయనకి ఇట్టే తెలిసిపోయింది.

"సాయంత్రమంతా సభ నడుపుతావు, నేనొచ్చేసరికి ముగించేస్తావు. బాగుందిరా నీ వరస," అన్నాడొక రోజు.

"నేనేం చేశాను బావా?"

"ఏమీ చెయ్యలేదులే. నీ షాపు దగ్గర మంచి గది చూశాను. నడిచి వెళ్ళొచ్చు."

అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను పౌరుషానికి పోయి అప్పటికప్పుడే పెట్టె సర్దేశాను.

గది బాగానే ఉంది. కానీ అక్కడికి వెళ్ళాక నాకు బావ మీద ఈర్ష్య పుట్టింది. నవ్వుతారేమో, నిజం చెబుతున్నాను. ఆయనొస్తున్నాడంటే ఒక ఇల్లంతా కదులుతుంది. భయంతోనే అనుకోండి, కదులుతుంది. నేను తలుపు తీస్తే గోడ మీద బల్లి కూడా కదలదు.

ఒక సాయంత్రం బావ మా షాపుకి వచ్చి, చెప్పులు తొడిగి చూసే స్టూలు మీద కూర్చున్నాడు.

"సైజెంత బావా?" అన్నాను. బావ నవ్వలేదు.

"మిల్లులోనే ఫోన్ ఛార్జింగ్ అయిపోయిందిరా," అన్నాడు. "నేనొస్తున్నట్టు ఇంటికి తెలీలేదు. మెట్ల దగ్గరికొచ్చేసరికి లోపల ఒకటే నవ్వులు. నువ్వే వచ్చావనుకున్నాను."

"నేనిక్కడే ఉన్నాగా."

"కిటికీలోంచి చూశాను. చిన్నాడు నా చొక్కా తొడుక్కుని, స్టూలెక్కి, నాలాగే మాట్లాడుతున్నాడు. నీ అక్క పడీ పడీ నవ్వుతోంది. పెళ్ళయ్యాక నేనెప్పుడూ చూడలేదు అంత నవ్వు."

"లోపలికి వెళ్ళావా?"

"వెళ్ళాను. వాడు దిగి, చొక్కా విప్పి, మడతపెట్టి నా చేతికిచ్చి చదువుకోవడానికి వెళ్ళిపోయాడు."

ఎవరో చెప్పుల ధర అడిగితే చెప్పి పంపించాను. "ఆ స్పీకర్ పీకి పారెయ్ బావా," అన్నాను.

"అదేం చేసిందిరా పాపం," అన్నాడు. తర్వాత నా మొహం చూడకుండా, "రేపు నీ సామాను తెచ్చేసుకో," అన్నాడు.

"నేనెందుకు? నేను లేకుండానే నవ్వుతున్నారుగా."

"అందుకేరా. నువ్వున్నన్నాళ్ళూ, అంతా నీ వల్లేనని కుళ్ళుకుంటూ హాయిగా ఉండేవాణ్ణి."