పటేలు రాసిన పేరు

నిన్న మా ఆడపడుచు కొడుకు జిమ్ము పొడి డబ్బా మూత తీయగానే వెనిలా వాసన వంటింటి నిండా పరుచుకుంది. వాడు హుషారుగా పాలల్లో కలుపుకుంటుంటే నేను డబ్బా లాక్కుని వెనక రాసినదంతా చదివాను. ఆ వాసన తగిలితే చాలు, నాకు చాందిబాయక్క గుర్తొస్తుంది.

తొంభైల చివర, బాన్సువాడలో ఓ చిన్న ప్రైవేటు దవాఖాన. ఆమె పెద్ద నర్సు, నేను కొత్తగా చేరినదాన్ని. తండాలో పుట్టి పట్టుబట్టి చదువుకున్న మనిషి. నవ్వు తక్కువ. ఆమె చెప్పుల చప్పుడు వినబడితేనే నేను సగం తప్పులు దిద్దుకునేదాన్ని. ఒళ్లు కాలి చిక్కి శల్యమైన ఒకమ్మాయికి డాక్టరు రాసిన అమైనో ఆమ్లాల పొడిని ఆమె పూటపూటా కలిపి తాగించేది. కొన్నాళ్లకు పుండ్లు మానాయి, ఆ పిల్ల లేచి కూర్చుని తనే జడ వేసుకుంది. అప్పటినుంచి ఆ పొడంటే నాకు గొప్ప గురి.

తర్వాత కాలేయం చెడి, పొట్ట ఉబ్బి సాయిరెడ్డి పటేలు చేరాడు. నిజాంసాగర్ కాలువ కింద చెరకు పండించే మనిషి. చాందిబాయక్క రోజూ పొద్దున్నే పాత క్యాలెండర్ కాగితం వెనుక ఆయనతో పేరు రాయించేది.

"ఏంది, నా పొలం రాయించుకుంటున్నవా?" అని ఆయన ఆటపట్టించేవాడు.

"పేరు సక్కగొస్తే తెలివి సక్కగున్నట్టు పటేలా. రాయుండ్రి," అనేది ఆమె.

ఒకరోజు పటేలు భార్య నన్ను పక్కకు పిలిచి డబ్బా చేతిలో పెట్టింది. "బిడ్డా, బలం పొడి. మా పిలగాడు పట్నం నుంచి తెచ్చిండు. మనిషి ఎండిపోతుండు, జర తాపియ్యి."

ఎవరినీ అడగలేదు. డబ్బా మీద అవే అమైనో ఆమ్లాల పేర్లు, మూత తీస్తే వెనిలా వాసన; మంచిదే కదా అనుకున్నాను. మూడు రోజులు తాగించాను, అదీ రెండేసి చెంచాలు ఎక్కువ వేసి. ఆ మూడు రోజులు అక్క సెలవులో ఉంటే పేరు రాయించింది నేనే; రెండో రోజుకే అక్షరాలు పక్కకు ఒరిగినా పట్టించుకోలేదు. నాలుగో రోజు పొద్దున ఆయన తీరిగ్గా "గంగారెడ్డి" అని రాసి, పక్కనున్న ఖాళీ కుర్చీకేసి నవ్వాడు.

కాగితం చూసి భార్య ఆ అక్షరాల మీద వేలు పెట్టింది. "గిది మా మరిది పేరు. కాలువల పడి పానం పోయి ఇరువై ఏండ్లాయె. రాత గూడ గాయినదే."

చాందిబాయక్క ఆయన చేతులు చాపించింది. అవి పిట్ట రెక్కల్లా టపటపా ఆడాయి. వంగి నోటి వాసన చూసింది. "ఏం తాపిచ్చిన్రు?"

పటేలు భార్య నాకేసి చూసింది. నేను నేలకేసి చూశాను. నౌకరి పోతుందన్న భయం. మధ్యాహ్నానికి ఆయన పిలిస్తే పలకలేదు, గిచ్చినా కళ్లు తెరవలేదు. అప్పుడు ఏడుస్తూ చెప్పాను.

అక్క తిట్టలేదు. డాక్టరును పిలిచి, ఎనిమాతో పేగులు కడిగే పని మొదలుపెట్టింది. చేతులు ఆపకుండానే అంది: "మంచిగున్న కార్జానికి గది బువ్వనే. చెడ్డ కార్జం దాని మురికిని కడుగలేదు. మురికంత తలకెక్కుతది. గా పిల్లకు పనికొచ్చిందని అందరికి తాపుతవా? అడిగేటందుకు నోరు లేదా?" ఇప్పటి డాక్టర్లు కొందరు కాలేయ రోగులకు ఏరి కొన్ని అమైనో ఆమ్లాలే మందుగా ఇస్తున్నారు. ఏది, ఎవరికి, ఎంత అన్నది చూసి ఇస్తున్నారు. ఆనాడు నేను చూడనిది అదే.

మూడో రోజుకు పటేలు తేరుకుని తన పేరు తానే రాశాడు. ఇంటికి వెళ్లే రోజు నన్ను దగ్గరికి పిలిచాడు.

"బిడ్డా, ఆ దినం మా తమ్ముడు వచ్చి నా పక్కన కూసున్నడు. పోదాం పా అన్నడు. నువ్వు నోరు తెరిచి చెప్పినవు సూడు, అప్పుడు లేచి పోయిండు."

నేను చెప్పిన సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. భార్యనూ, అక్కనూ విడివిడిగా అడిగాను.

నేనిప్పుడు పెద్ద నర్సును. తప్పు జరిగితే క్షణం దాచను, నా కింద పనిచేసేవాళ్లనూ దాచనివ్వను. అదంతా నా నిజాయితీ అనుకుంటారు వాళ్లు. ఒప్పుకోవడానికి ఒక్క నిమిషం ఆలస్యమైనా, రోగి పక్కన ఎవరో వచ్చి కూర్చుంటారని నాకు భయం.