మందార చెట్టుకు పోసిన పాలు

నవీనకు ఆపరేషన్ అయిందంటే మా వాడలో ఎవరూ నమ్మలేదు. వీళ్ళ లెక్కలో ఆపరేషన్ అంటే పొట్ట మీద జానెడు కోత ఉండాలి, మనిషి మంచం దిగకూడదు, చూడవచ్చినవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాలి. నవీన పొట్ట మీద ఉన్నవి చిన్న చిన్న గాట్లు, వాటి మీద తెల్లటి పట్టీలు. వచ్చిన ప్రతి ఆడమనిషీ చూపించమని అడిగి, చూసి, "గింతేనా?" అనడమే. అంత చిన్నగా కోయించుకున్నందుకు తప్పయిందని ఆ పిల్ల వాళ్ళకు చెప్పుకోవాలేమో!

నా పేరు పద్మలత. వాళ్ళ పక్కింట్లో జాకెట్లు కుట్టుకుంటూ ఉంటాను. మా రెండిళ్ళ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. గోడకు అవతల వాళ్ళ మందార చెట్టు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. సిరిసిల్లలో సాంచాల చప్పుడుకు పక్కమనిషి మాట కూడా వినపడదని అంటారు గానీ, వినడం ఇష్టం లేనివాళ్ళు చెప్పే సాకు అది. నాకు అన్నీ వినపడతాయి.

నవీనది మంథని. నాగరాజును చేసుకుని ఇక్కడికి వచ్చింది. నాగరాజు షెడ్డులో సాంచాలు నడుపుతాడు. మంచివాడే. ఎంత మంచివాడంటే, తల్లి చెప్పినదానికీ పెళ్ళాం చెప్పినదానికీ ఒకేసారి తలాడించగలడు. నవీన బీడీలు చేస్తుంది. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. ఆకు కటింగులో తప్పుపట్టిన బీడీ కంపెనీ గుమాస్తాను వచ్చిన మొదటి నెలలోనే నిలబెట్టి కడిగేసింది. అప్పటి నుంచి వాడలో దానికి గయ్యాళి అన్న పేరు వచ్చింది. నాకు మాత్రం ఆ నోరే నచ్చింది.

తొలికాన్పు తల్లిగారింట్లో జరగాలి. కానీ సరిగ్గా ఆ నెలలోనే నవీన తల్లి జారిపడి మోకాలు విరగ్గొట్టుకుంది. దాంతో పురుడు బాధ్యత అత్త మీద పడింది. అత్త పేరు అనసూర్య. నాకు వరుసకు చిన్నమ్మ. ఆమె ఆ పనిని ఎంత సంబరంగా నెత్తిన వేసుకుందో చెప్పలేను. నాగరాజు పుట్టినప్పుడు తనకు నెయ్యి వేసి ముద్ద పెట్టిన దిక్కు లేదట. కోడలికి మాత్రం ఏ లోటూ రానివ్వనన్నది. శొంఠి, పిప్పళ్ళు, బెల్లం, నెయ్యి వేసి బాలింత కాయం వండింది. అన్నంలో చెయ్యి మునిగేంత నెయ్యి పోసింది. నేతితోనే పాలు పడతాయని ఆమె నమ్మకం.

ఆడపిల్ల పుట్టింది. పాలు బాగానే పడ్డాయి. కొన్నాళ్ళకు నవీనకు కుడి డొక్కలో నొప్పి మొదలైంది. తిన్న తర్వాత వచ్చేది, వీపు దాకా పాకేది. మెలికలు తిరిగిపోయేది.

"గాలి. బాలింత గాలి," అని తేల్చింది చిన్నమ్మ. గాలికి మందు కాయం. కాయంలో నెయ్యి. తిన్నకొద్దీ నొప్పి, నొప్పి వచ్చినకొద్దీ ఇంకో ముద్ద. ఎంత ప్రేమగా పెట్టిందో అంత నొప్పి వచ్చింది. నేను కూడా ఒకసారి ఆ ముద్ద కలిపి ఇచ్చాను. ఎవరిని అనాలి?

కళ్ళు పచ్చబడే దాకా వచ్చాక నాగరాజు కరీంనగర్ తీసుకుపోయాడు. పిత్తాశయం నిండా రాళ్ళని, సంచి తీసేయాలని చెప్పి ఆపరేషన్ చేశారు. పిల్ల ఇక్కడే, నాయనమ్మ దగ్గర, సీసా పాలతో ఉంది. ఆపరేషన్ రోజు నర్సు నాగరాజుతో, "మత్తు దిగేదాకా పాలు పిండి పారబొయ్యండి" అన్నది. వాడు ఆ మాట ఫోనులో తల్లికి చెప్పాడు. మరునాడు అదే నర్సు నవీన దగ్గరికి వచ్చి, ఇక పిల్లకు పాలు ఇవ్వొచ్చని, బరువులు ఎత్తకూడదు కాబట్టి పక్కన పడుకోబెట్టుకుని ఇవ్వమని చెప్పింది. అప్పుడు నాగరాజు చాయ్ తాగడానికి కిందికి పోయి ఉన్నాడు. ఒక్క చాయ్ వల్ల ఇంత గోస అవుతుందని ఎవరికి తెలుసు?

ఇంటికి రాగానే నవీన చేతులు చాచింది.

"నా బిడ్డను ఇయ్యిన్రి అత్తమ్మా."

చిన్నమ్మ రెండడుగులు వెనక్కు వేసింది. "ఇప్పుడే వద్దు బిడ్డా. మందులు మింగుతున్నవ్. అదంతా పాలల్లకు దిగుతది. కుట్లు పచ్చిగున్నయ్. పిల్ల తంతది."

"నర్సు ఇయ్యుమని చెప్పింది."

"నువ్వు మత్తుల ఏం విన్నవో ఏమో. పారబొయ్యుమన్నదని మా పిల్లగాడు చెవులార విన్నడు."

నవీన మొగుడి వైపు చూసింది. నాగరాజు తలాడించాడు. ఎవరికి ఆడించాడో వాడికే తెలియాలి.

ఆ రోజు నుంచి పిల్ల వెనక అర్రలో తొట్లెలో, నవీన ముందు అర్రలో చాప మీద. నవీన పాలు పిండి స్టీలు గ్లాసులో పట్టి ఇచ్చేది. తల్లి పాలు తొక్కే చోట పోయకూడదు కదా, చిన్నమ్మ భక్తిగా తెచ్చి మందార చెట్టు మొదట్లో పోసేది. నా కుట్టుమిషన్ దగ్గర కూర్చుంటే అది నా కళ్ళెదుటే జరిగేది. లోపల పిల్లేమో డబ్బా పాలు తాగి, కడుపు ఉబ్బి కేకలు పెట్టేది. ఆ కేక వినపడగానే ముందు అర్రలో తల్లి రొమ్ములు చేపి నైటీ తడిసిపోయేది.

"చెట్టు తాగచ్చు, నా బిడ్డ తాగద్దా?" అని నవీన అరిస్తే, "బాలింతరాలికి కోపం పనికిరాదు," అని చిన్నమ్మ నెమ్మదిగా చెప్పేది. ఆ నెమ్మదికి నాకే ఒళ్ళు మండేది.

ఇక చూడవచ్చినవాళ్ళ సంగతి. డాక్టరు ఆ రాళ్ళను చిన్న సీసాలో వేసి ఇచ్చాడు. నల్లగా, శనగ గింజలంత ఉన్నాయి. చిన్నమ్మ ఆ సీసాను టీవీ పక్కన పెట్టింది. గాట్లు చూసి "గింతేనా" అన్నవాళ్ళే సీసా చూసి "అబ్బో" అన్నారు. ఊపి చూశారు, వెలుతురుకు పెట్టి చూశారు, ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. రాళ్ళకు జరిగిన మర్యాద రాళ్ళు మోసిన మనిషికి జరగలేదు.

నవీనకు కడుపు కంటే ఎక్కువగా కుడి భుజం నొప్పి పెట్టింది. ఆ మాట చెబితే అందరూ నవ్వారు.

"కడుపుల కోస్తే భుజమెందుకు నొస్తదే?" అన్నది చిన్నమ్మ.

"కెమెరా పెట్టెతందుకు కడుపుల గాలి నింపిన్రట. అది పొయ్యేదాక భుజం గుంజుతదట."

చిన్నమ్మ ముఖం వెలిగిపోయింది. "గాలా! మరి నేను మొదటి సంది ఏమంటున్న? గాలనే అంటున్న గదా!"

నవీన గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడ్చిందో నవ్విందో నాకు కనపడలేదు.

డాక్టరు బరువులెత్తొద్దన్న మాటను ఆ ఇంట్లో ఎట్లా వాడుకున్నారో అది ఇంకా చిత్రం. చిన్నమ్మ రోజంతా పిల్లతోనే సరిపోతుంది కాబట్టి మిగతా పని ఎవరు చేయాలి? బిందె సగమే నింపితే ఎత్తొచ్చు. బీడీల చాట ఒళ్ళో పెట్టుకోవచ్చు, కూర్చుని చేసే పనే కదా. ఆ చాట అంచు బొడ్డు దగ్గరి గాటుకు తగిలి నవీన "అమ్మా" అన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఇంట్లో ఆమె ఎత్తకూడని బరువు ఒక్కటే తేలింది, కన్నబిడ్డ.

నెయ్యి వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చిన్నమ్మ సరేనన్నది. సరేనని పప్పులో కలిపి పెట్టింది. ఆ పూటంతా నవీన కడుపు పట్టుకుని దొడ్డికీ ఇంటికీ తిరిగింది.

"ఏం కలిపినవ్ అత్తమ్మా?"

"జరంత. వాసనకు."

"నన్ను చంపెతందుకా?"

ఆ మాటకు చిన్నమ్మ ఏడ్చింది. నాగరాజు తల్లిని ఓదార్చాడు. కడుపునొప్పి ఒకరిది, ఓదార్పు ఒకరికి.

ఇట్లా జరుగుతుండగా ఒకనాడు పొద్దున నవీన గ్లాసు ఇవ్వలేదు. చిన్నమ్మ చెయ్యి చాచి నిలబడింది. నవీన గ్లాసును రెండు చేతులతో పట్టుకుని అందులోకి చూస్తోంది. అంతకుముందు సగానికి పైగా నిండేది. ఆ రోజు అడుగు మాత్రమే తడిసింది.

"వదినె!" అని గోడ మీదుగా నన్ను పిలిచింది. "పాలు ఇంకుతున్నయే!"

ఆ గొంతు విని నేను మిషన్ ఆపేశాను. ఆ పిల్ల నోరు వాడంతటికీ తెలుసు, కానీ ఆ గొంతు మేం ఎప్పుడూ వినలేదు. నేను వెళ్ళేసరికి నవీన చాప మీద ఎడమ పక్కకు తిరిగి, తల కింది మెత్త తీసి పొట్టకు అడ్డంగా పెట్టుకుని పడుకుంది.

"పిల్లను తెచ్చి నా పక్కల పెట్టు వదినె. నేను ఎత్తను. ఎత్తద్దన్నరు గని తాపద్దనలే."

నేను వెనక అర్రలోకి పోయి తొట్లెలో నుంచి పిల్లను తీశాను. చిన్నమ్మ గుమ్మానికి అడ్డం వచ్చింది.

"పద్మా, నీకేమన్న మతి ఉన్నదా? దానికేమన్నయితే నువ్వు జవాబు చెప్తవా?"

"చెప్త చిన్నమ్మా, జరుగు," అన్నాను. జరిగే రకం కాదు. నాగరాజు అప్పుడే రాత్రి పాళీ దిగి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నవీన లోపలి నుంచి వాడిని పిలిచింది.

"ఇగో, ఇయ్యాల తల ఊపుతె నడువది. నోటితోని చెప్పు. పిల్లను తేవాల్నా, వద్దా?"

వాడు తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, గ్లాసును చూశాడు. "అవ్వా, జర జరుగే," అన్నాడు. వాడి జన్మలో అంత పెద్ద మాట అదే.

పిల్లను నవీన పక్కన పడుకోబెట్టాను. ఇన్నాళ్ళకు దగ్గరైన బిడ్డ తల్లి రొమ్మును చూసి ముఖం తిప్పేసుకుంది. రబ్బరు పీకకు అలవాటు పడ్డ నోరు. పెదాలకు తగిలించినా ఉమ్మేసింది. ఒళ్ళంతా ఎర్రగా చేసుకుని ఏడ్చింది. నవీన మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిప్పుకుంది.

"నన్ను మరిచిపోయింది వదినె," అంటూ ఏడుస్తూనే మళ్ళీ పెట్టింది. అప్పుడు పిల్ల మెత్త మీదుగా కాలు ఝాడించి తన్నింది. సరిగ్గా బొడ్డు దగ్గర. నవీన కెవ్వుమన్నది.

"చెప్పిన్నా లేదా!" చిన్నమ్మ పరుగెత్తుకొచ్చింది. "చెప్పిన్నా లేదా తంతదని! నాకు పిల్లలు కాకుంట ఆపరేషన్ చేసినప్పుడు గీ నాగరాజు చెల్లె సంకల ఉండె. ఆపరేషనైన మూడొద్దులకే పాలిచ్చిన. గిట్లనే తన్నింది. కుట్లు పిగిలి చీము పట్టి సావు దాక పొయ్యొచ్చిన. ఎత్తుకునేటోళ్ళు లేకపోయిరి, పట్టేటోళ్ళు లేకపోయిరి. నీకు గట్ల కావద్దని..."

నాగరాజుకు కూడా ఈ సంగతి తెలియదనుకుంటాను, నోరు తెరిచి నిలబడ్డాడు.

నవీన నొప్పితో పళ్ళు కొరుకుతూనే అన్నది, "భయమైతే భయమని చెప్పద్దా అత్తమ్మా? నా పాలు మంచియి కావని ఎందుకన్నవ్? ఇన్నొద్దులు చెట్టుకెందుకు పోసినవ్?"

చిన్నమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ చాప చివరన కూర్చుంది. పిల్ల కాళ్ళు రెండూ దగ్గరికి తీసి తన గుప్పిట్లో పట్టుకుంది.

"తాపు. తన్నకుంట నేను పట్టుకుంట."

నవీన రొమ్మును కాస్త పిండి, ఒక చుక్క పిల్ల పెదాల మీద పడేసింది. పిల్ల చప్పరించింది. ఇంకో చుక్క. ఏడుపు ఎక్కిళ్ళలోకి దిగింది. ముఖాన్ని అటూ ఇటూ రుద్ది, విసుక్కుని, వెతుక్కుని, చివరికి నోట పట్టుకుంది. గుటక వేసిన చప్పుడు సాంచాల చప్పుడులోనూ నాకు వినపడింది.

నవీన చెంపల మీదుగా నీళ్ళు చాప మీద పడుతున్నాయి. కొంచెంసేపటికి గొంతు తగ్గించి అన్నది, "గీ కాళ్ళు పట్టుకునుడేదో ఇంటికొచ్చిన నాడే చెయ్యద్దా అత్తమ్మా?"

"పట్టుకొమ్మని ఆ నాడే అనద్దా నువ్వు?"

నవీన ముఖం ఎర్రబడింది. నోరు తెరిచింది. అరిస్తే పిల్ల వదిలేస్తుంది. పళ్ళు బిగపట్టి ఊరుకుంది.

పిల్ల నిద్రపోయాక తిట్టింది. కాయం దగ్గర మొదలుపెట్టి, పప్పులో నెయ్యి, టీవీ పక్కన సీసా, మందార చెట్టు, ఒక్కటీ వదలకుండా తిట్టింది. చిన్నమ్మ తలవంచుకుని అన్నీ విన్నది. పిల్ల కాళ్ళు మాత్రం వదల్లేదు.